నియమము – యంత్రము – మన పూచీ



ఈ పర్యాయము పాఠమునకు ఆధారముగా నేనొక చిన్న వస్తువును తీసికొనుచున్నాను. అది బొటనవ్రేలికంటె కొంచెము వెడల్పైన ఇనుపరేకు. ఒక కొనయందు ప్లాస్టిక్కు పిడి యుండును. ఆ పిడి మీద కారు కంపెనీ గుర్తును గూడ అందముగా అచ్చొత్తుదురు. కారులో సీటుబెల్టు కొన తగిలించెడు గూటిలో దీనిని గ్రుచ్చినచో, లోపల కూర్చున్నవారు బెల్టు కట్టుకొన్నారని కారు భ్రమపడి తన హెచ్చరిక గంటను ఆపివేయును. ఈ వస్తువునకు లోకములో ఇంతకుమించి వేరు ప్రయోజనము లేదు. కొందరు వ్యాపారులు దీనినే సీసామూతలు తీయు పరికరమనియు, సిగరెట్టు లైటరనియు పేరు మార్చి అమ్మినారు. పేరు మార్చవలసి వచ్చినదనగా, అమ్మువారికి గూడ లోలోపల ఏదో జంకు ఉన్నదనియే అర్థము.

2023 మే మాసములో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఇంటర్నెట్టు వ్యాపారసంస్థలకు ఈ క్లిప్పుల అమ్మకము నిలిపివేయవలసినదిగా ఆజ్ఞలు జారీ చేసెను. అప్పుడు పదమూడు వేలకు పైగా ప్రకటనలు తొలగింపబడినవి. ఒక హెచ్చరికను నోరు మూయించుటకై పదమూడు వేల అంగళ్లు తెరచుకొన్నవన్నమాట! అందులో ఒకటి మా ఇంటిలోనికి గూడ వచ్చినది. ఆ కథ చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. ఐనను చెప్పక తప్పదు. ఇతరుల తప్పులు ఎత్తిచూపుచు పాఠము వ్రాయుట తేలిక. ఈ పాఠములోని తప్పు మాత్రము నాది.

నిరుడు బసవ జయంతికి మా కుటుంబము జహీరాబాదు నుండి బసవకల్యాణమునకు పోయి వచ్చినది. కారు నా మేనల్లునిది. అతడే నడిపినాడు. అతని ప్రక్కన మా అల్లుడు. వెనుక నేను, నా భార్య, మా అమ్మాయి. ఐదేండ్ల మనుమడు నా ఒడిలో కూర్చున్నాడు. బయలుదేరగనే కారు టింగు టింగుమని మ్రోగసాగెను. మేనల్లుడు డబ్బా తెరచి రెండు క్లిప్పులు తీసి, చెరియొక గూటిలోను టక్కున గ్రుచ్చెను. "మామా, ఇంక దీని గోల ఉండదు" అని నవ్వెను. నేనును నవ్వితిని. నలుబది యేండ్లు విద్యార్థులకు క్రమశిక్షణ బోధించి పెన్షను పుచ్చుకొనుచున్నవాడను. ఆనాడు ఒక్కమాట అనలేదు. పండుగపూట పోరేమిటని ఊరకుంటిని. నిజము చెప్పవలెనన్న అది ఒక్కటే కారణము కాదు. వెనుక కూర్చున్నవారికి గూడ బెల్టు ఉండునన్న సంగతియే నా మనసునకు తట్టలేదు.

తిరుగు ప్రయాణములో చీకటి పడినది. హైదరాబాదు–సోలాపురము జాతీయ రహదారి విశాలమైనది, నునుపైనది. అట్టి రోడ్డు మీద వేగము తెలియదు. కంటికి ఎనుబది నలుబదివలె కనబడును. ఒక గ్రామపు అడ్డరోడ్డు దాటిన తరువాత, జొన్నచొప్ప ఎత్తుకొన్న ట్రాక్టరు ఒకటి ఎడమప్రక్కన సగము రోడ్డు మీద నిలిచియున్నది. ట్రాలీకి వెనుక దీపము లేదు, ఎఱ్ఱ స్టిక్కరు లేదు. చొప్ప రంగు చీకటిలో కలిసిపోయినది. మేనల్లుడు ఆఖరి నిమేషమున చూచి బ్రేకు త్రొక్కెను. దైవకృపవలన కారు ఢీకొనలేదు, రెండు మూరల ఎడమున ఆగినది. కాని నా ఒడిలోని బిడ్డ ఆగలేదు. నా చేతుల పట్టు విడిపించుకొని ముందు సీటు వెనుకనున్న గట్టి ప్లాస్టిక్కుకు నొసటితో తగిలెను. నాలుగు కుట్లు పడినవి. ఆ రాత్రి ఆసుపత్రి బల్ల మీద వాడు "తాతా, నువ్వు నన్ను గట్టిగా పట్టుకోలేదు" అనినాడు.

వాని మాట తప్పు. నేను గట్టిగానే పట్టుకొంటిని. ఎంత గట్టిగా పట్టుకొన్నను మానవుని చేతులకు సాధ్యము కాని పని అది. ఈ విషయము కొంత లెక్కతో తెలిసికొనవలెను. లెక్క వచ్చినవారికి గంట మ్రోగనక్కరలేదు.

గంటకు 50 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 14 మీటర్లు. ఆ వేగముతో పోవు కారు ఒక గోడకు తగిలి ఆగుట, సుమారు పది మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదినుండి నేలకు పడుటతో సమానము. 80 కిలోమీటర్లైనచో ఆ ఎత్తు 25 మీటర్లగును. వేగము రెండింతలైన దెబ్బ నాలుగింతలగును. మేడ అంచున బిడ్డను కూర్చుండబెట్టుకొమ్మన్న మన గుండె ఝల్లుమనును గాని, కారులో ఒడిలో కూర్చుండబెట్టుకొనుట ముద్దుగా తోచును. ఎత్తు కంటికి కనబడును, వేగము కనబడదు. భేదమంతయు ఇంతే. ఇక ఒడి సంగతి. పదునారు కిలోల బిడ్డ, 50 కిలోమీటర్ల వేగమునుండి సెకనులో పదవవంతు కాలమున ఆగవలసివచ్చినచో, వానిని పట్టి నిలుపుటకు రెండు క్వింటాళ్లకు పైబడిన బరువును మోయగల బలము కావలెను. రెండు బస్తాల వడ్లను ఒక్కమారుగా చేతులతో ఆపగలవారెవరు? మాది వట్టి బ్రేకు మాత్రమే కనుక నాలుగు కుట్లతో పోయినది.

"బెల్టెందుకు, గాలిసంచులున్నవి గదా" అనుమాట చదువుకొన్నవారి నోట గూడ తరచు విందును. ఎయిర్‌బ్యాగు అని పిలువబడు ఆ సంచి కన్ను మూసి తెరచునంతలోపలనే పేలినట్లుగా ఉబ్బును. బెల్టు మనిషిని సీటుకు పట్టియుంచగా, తలకును ఎదురుగానున్న గట్టిభాగములకును నడుమ మెత్తగా అడ్డుపడుటకై దానిని కల్పించినారు. అది బెల్టునకు తోడు మాత్రమే. బెల్టునకు బదులు కాదు. బెల్టు లేక ముందునకు విసరబడుచున్న మనిషికి ఆ ఉబ్బుచున్న సంచి ఎదురైనచో, అదియే గాయము చేయవచ్చును. యంత్రము అంతయు చూచుకొనునన్న నమ్మకము ఇక్కడ పనికిరాదు. యంత్రమును చేసినవాడు, కూర్చున్నవాడు తన వంతు చేయునని లెక్కవేసికొనియే దానిని చేసినాడు.

ఈ బెల్టు చరిత్రలో ఒక ముచ్చట కలదు. భుజము మీదుగా, నడుము మీదుగా పోయి ఒక్క గూటిలో తగులు నేటి మూడు బిందువుల బెల్టును 1959లో స్వీడను దేశపు ఇంజనీరు నిల్స్ బోలిన్ వోల్వో కంపెనీలో తయారుచేసెను. అంతకుముందు ఆయన విమానములలో, ప్రమాదసమయమున చోదకుని సీటుతో సహా బయటకు విసరు యంత్రముల మీద పనిచేసినవాడు. కనుక హఠాత్తుగా కలుగు వేగమునకు మానవశరీరము ఎట్లు స్పందించునో ఎరిగినవాడు. ఆ కంపెనీ ఈ బెల్టుపై తనకున్న పేటెంటును దాచుకొనక, ఇతర కార్ల తయారీదారులందరు వాడుకొనుటకు విడిచిపెట్టెను. వ్యాపారలోకములో ఇట్టి పని అరుదు. ఒకరు ఉచితముగా ఇచ్చిన రక్షణను తప్పించుకొనుటకు మనము డబ్బిచ్చి క్లిప్పు కొనుచున్నాము.

పెద్దవారు పాటించినగదా పిన్నలు పాటింతురందురు. ఆ వైపు గూడ చూడుడు. 2022 సెప్టెంబరు 4వ తేదీన మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో సూర్యానది వంతెన మీద జరిగిన ప్రమాదములో, ప్రముఖ పారిశ్రామికుడు సైరస్ మిస్త్రీ, ఆయన వెంటనున్న జహంగీర్ పండోలే మరణించిరి. ఆ ఇరువురును వెనుక సీటులో కూర్చున్నవారే. బెల్టు కట్టుకొనలేదని విచారణలో తేలెను. ముందు కూర్చున్న ఇరువురు గాయపడి బ్రతికిరి. ఖరీదైన కారు, పగటి వెలుతురు – రెండును నుండెను. అదే మాసమున కేంద్ర రహదారుల శాఖామాత్యులు నితిన్ గడ్కరీ ఒక సభలో, తాను నలుగురు ముఖ్యమంత్రుల కార్లలో ప్రయాణము చేసినప్పుడు అక్కడ గూడ ఈ క్లిప్పులను చూచితినని చెప్పినారు. పేర్లు చెప్పలేదు. నా మేనల్లునికి ఈ సంగతి చెప్పగా, "చూసినవా మామా, నేను ముఖ్యమంత్రితో సమానం" అనినాడు. మనుమని కుట్లు ఇంకను విప్పలేదు అప్పటికి. అయినను వాని హాస్యము వానిది.

ఇక ద్విచక్రవాహనముల మాట. మన పాఠకుల ఇండ్లలో కారులేని ఇండ్లు చాల గలవు గాని, స్కూటరో మోటారుసైకిలో లేని ఇల్లు అరుదు. కావున హెల్మెట్టు విషయమును మరికొంత వివరించుట మంచిది. హెల్మెట్టు పైపెంకు గట్టిది. కాని ప్రాణమును కాపాడునది ముఖ్యముగా ఆ పెంకు కాదు, లోపలనున్న థర్మకోలు వంటి మందమైన పొర. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర తాను నలిగి, తలకు చేరవలసిన తాకిడిని తనలో అణచుకొనును. అందువలన ఒక్క పెద్దదెబ్బ తిన్న హెల్మెట్టు బయటికి చెక్కుచెదరకున్నను, లోపల పని ముగిసినదే. దానిని మార్చవలెను. గడ్డము క్రింది పట్టీ బిగింపని హెల్మెట్టు, పడుటకు పూర్వమే తలను విడిచి ఎగిరిపోవును. 2021 జూన్ 1వ తేదీ నుండి భారత ప్రమాణముల గుర్తు లేని హెల్మెట్టును తయారుచేయుట, అమ్ముట చట్టవిరుద్ధము. ఐనను రోడ్డు ప్రక్కన గుట్టలుగా పోసి అమ్మునవి మనమందరము చూచుచున్నవే. అవి పోలీసు కంటికి వేయు టోపీలు. అనేక అధ్యయనములను కలిపి చూచిన పండితులు, హెల్మెట్టువలన తలగాయముల అపాయము సుమారు 69 శాతము, మరణాపాయము సుమారు 42 శాతము తగ్గునని తేల్చినారు.

మన దేశములో 2022 సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. ఇది కేంద్ర రహదారుల మంత్రిత్వశాఖ ప్రకటించిన లెక్క. వీరిలో హెల్మెట్టు లేనివారు 50,029 మంది; సీటుబెల్టు లేనివారు 16,715 మంది. హెల్మెట్టు ధరించియున్నచో వీరందరును బ్రతికెడివారని నేననను. కాని ఆ మొదటి సంఖ్యను విప్పి చూచిన మరియొక సంగతి బయటపడును. వారిలో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనుక కూర్చున్నవారు. వెనుక కూర్చున్నవారనగా ఎవరు? చాల ఇండ్లలో వారు భార్య, తల్లి, బిడ్డలు. ఇంటిలో హెల్మెట్టు ఒక్కటే. అది మగవాని తల మీద ఉండును. చీర కొంగు బిగించుకొని ఒక ప్రక్కకు ఒదిగి కూర్చున్న ఇల్లాలి తల మీద పూలుండును. జరిమానా ఎవరికి పడునో వానికే హెల్మెట్టు! స్త్రీపురుషులకు సమానముగా లింగధారణము చేయు సమాజములో, కల్యాణమున శరణులతో పాటు శరణీమణులకు గూడ గోష్ఠిలో పీటవేసిన సంప్రదాయములో పుట్టినవారము. ఈ ఒక్క విషయమున మనము రెండవ హెల్మెట్టు కొనుటకు వెనుదీయుచున్నాము. నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని, వెనుక కూర్చున్నవారికి గూడ, మోటారు వాహనముల చట్టము 129వ విభాగము హెల్మెట్టును విధించినది.

ఈ విషయములు మాటాడినప్పుడు మనవారు చెప్పు అభిప్రాయములు కొన్ని గలవు. "నా తల, నా ఇష్టము, మధ్య ప్రభుత్వమెవరు?" అనునది వానిలో బలమైనది. దీనిని త్రోసివేయరాదు. మనిషి తన శరీరమునకు తానే అధికారి అను భావములో గౌరవింపదగిన సత్యమున్నది. కాని తల పగిలిన తరువాత ఆ తల ఎవరిది? మంచము ప్రక్కన ఆరు మాసములు కూర్చుండునది తల్లి. పొలము తాకట్టు పెట్టునది తండ్రి. తనవైపు తప్పు లేకున్నను, పడినవాని మీదుగా చక్రము పోయినదని జీవితాంతము ఉలికిపడి లేచునది లారీ డ్రైవరు. నా ఇష్టము వలన కలుగు నష్టమును నేనొక్కడనే భరింపగలిగినప్పుడే "నా ఇష్టము" అను మాట నిలుచును. రోడ్డు మీద అట్టి నష్టము నాకు కనబడలేదు.

"వ్రాసియున్నది జరుగును" అనునది రెండవది. దీనికి దీర్ఘమైన సమాధానము అక్కరలేదు. అట్లనువారు రాత్రి తలుపునకు గొళ్లెము పెట్టుకొనియే పండుకొందురు.

మూడవ అభిప్రాయము కొంచెము చిక్కైనది. "నియమములన్నియు జరిమానాలు వసూలు చేయుటకే. రోడ్ల గుంతలు పూడ్చరు, దీపములు వేయరు, మలుపులో బోర్డు పెట్టరు, మా జేబులు మాత్రము తడుముదురు" అని. ఇందులో నిజము చాలనున్నది. చెట్టు చాటున నిలిచి ఫోటోలు తీయుటకు చూపు శ్రద్ధ, గుంత పూడ్చుటకు గూడ చూపినచో ప్రజలకు నియమము మీద గౌరవము పెరుగును. 2019లో సవరింపబడిన చట్టములో 198-ఏ అను విభాగమున్నది. రోడ్డు నిర్మాణమున, నిర్వహణమున విధించిన ప్రమాణములను పాటింపక, దానివలన మరణమో అంగవైకల్యమో కలిగినచో, బాధ్యులైన అధికారులకు, గుత్తేదారులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. హెల్మెట్టు జరిమానా ఎంతయో మన ఊరి పిల్లవానికి గూడ తెలియును. ఈ విభాగమున్నదని ఎందరికి తెలియును? తెలిసికొని అడుగుట మన హక్కు, మన పని గూడ. అయితే గుంత ఉన్నదని హెల్మెట్టు మానుట మాత్రము ఏ తర్కము? గుంత ఉన్నచోటనే గదా అది ఎక్కువగా కావలసినది!

ఇట్లు అధికారులను అడుగువారము మన వాకిలి గూడ చూచుకొనవలెను. మనలో చాలమంది రైతులము. కోతలైనప్పుడు వడ్లు, మొక్కజొన్నలు తారురోడ్డు మీద ఆరబోయుట మన పల్లెలలో వాడుకయైనది. కల్లము లేదు, చదునైన చోటు లేదు, తేమ ఉన్నచో కొనుగోలు కేంద్రములో ధర తగ్గింతురు. రైతు కష్టము నాకు తెలియును. కాని సగము రోడ్డును ఆక్రమించి, చుట్టును బండరాళ్లు పేర్చి, రాత్రివేళ వాని మీద నల్లని పట్టా కప్పి ఇంటికి పోవుదుము. నల్లరోడ్డు మీద నల్లపట్టా! ధాన్యము ఎత్తుకొన్న తరువాత రాళ్లు అక్కడనే యుండును. చీకటిలో వచ్చు మోటారుసైకిలు వానికి ఆ రాయి మీద ఎవరి పేరును కనబడదు. మా కారు ఎదుట నిలిచిన ట్రాక్టరు వాడును మన వంటి రైతే. వెనుక ఎఱ్ఱ స్టిక్కరు అంటించుటకు కొద్ది రూపాయలు చాలును. అతడు పరుగున వచ్చి బిడ్డ నొసట నెత్తురు చూచి, తన తలగుడ్డ చింపి కట్టినాడు. అతడు దుర్మార్గుడు కాడు. నేనును కాను. మేమిద్దరమును చెరియొక చిన్నపనిని చేయక మానినవారము, అంతే.

ఆ రాత్రి నాకు ఆయ్దక్కి మారయ్య కథ తలపునకు వచ్చెను. కల్యాణములో రాలిన బియ్యము ఏరి తెచ్చి, దానితో జంగమదాసోహము చేయుట ఆయన కాయకము. ఒకనాడు మామూలుకంటె ఎక్కువ తెచ్చినప్పుడు, భార్య లక్కమ్మ దానిని తీసికొనిపోయి అక్కడనే పోసి రమ్మని పంపినది. అక్కడ కాపలావాడు లేడు. లెక్క చూచు గుమాస్తా లేడు. ఏరినవాడు పేదవాడు, ఏరినది రాలినది, ఎవ్వరును తప్పుపట్టరు. ఐనను ఆమెకు కొలత తెలిసియుండెను. నేడు మనకు వీధివీధిని కెమెరాలున్నవి. కెమెరా ఉన్న కూడలిలో ఆగుదుము, లేని కూడలిలో దూసికొనిపోవుదుము. వేగమును కొలుచు కెమెరా ఎక్కడ ఉన్నదో సెల్‌ఫోనే ముందుగా చెప్పుచున్నది. కరోనా కాలమున కొందరు ముక్కునకు కట్టుకొనవలసిన మాస్కును బండి నంబరు పలకకు కట్టి తిరిగినారు! కెమెరా పెరిగినకొలది కెమెరాను తప్పించుకొను విద్య పెరుగుచున్నది. లక్కమ్మకున్న కొలత మాత్రము ఏ కెమెరాలోను దొరకదు.

లింగధారులకు ఈ విషయము క్రొత్తది కాదు. ఇష్టలింగము ఎవరిది వారి మెడలోనే యుండును. ఇంటి పెద్ద పూజ చేసినంత మాత్రమున ఇంటిలోనివారి పూజలన్నియు తీరిపోవు. నిత్యనేమమును కూలికిచ్చి చేయించుకొనుటను బసవేశ్వరుడు అంగీకరింపలేదు. పోలికను మరీ సాగదీయను. బెల్టు బెల్టే, పూజ పూజే. కాని ఇతరుడు నా బదులు కట్టుకొనలేనిది బెల్టు. గంట నాకు గుర్తుచేయగలదు. చట్టము వేయి రూపాయల జరిమానాతో భయపెట్టగలదు. చేయి చాపి కొన లాగి గూటిలో తగిలించుట మాత్రము నా చేతి పనియే.

తల్లిదండ్రులకు ఒకమాట. తొమ్మిదవ తరగతి పిల్లవానికి స్కూటరు తాళము ఇచ్చి, వాడు వీధి మలుపు తిరుగుచుండగా గడపలో నిలిచి మురిసిపోవు తండ్రులను నేనెరుగుదును. పాఠశాలలో నా ఎదుటనే "మావాడు ఎంత బాగా నడుపుతాడో సార్" అని చెప్పినవారున్నారు. మైనరు నడిపిన వాహనముతో నేరము జరిగినచో, సవరించిన చట్టము 199-ఏ విభాగము క్రింద సంరక్షకునికో వాహనపు యజమానికో మూడేండ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా. వాహనపు రిజిస్ట్రేషను ఒక సంవత్సరము రద్దు. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు దొరకదు. ఇది తెలిసి కొందరు తాళము దాచిరి. మంచిదే. ఆ వీధిలో ఆడుకొను పసివారిని తలచుకొని దాచినవారు ఇంకను కొద్దిమందియే.

మా కారు సంగతి ముగించవలెను. కుట్లు విప్పిన మరునాడు మేనల్లుడు తానుగా ఇంటికి వచ్చినాడు. ఆ రెండు క్లిప్పులను నా బల్ల మీద పెట్టి, "మామా, ఇవి నువ్వే దాచిపెట్టు, నాకు వద్దు" అనినాడు. అవియే ఇప్పుడు ఈ వ్యాసము వ్రాయుచుండగా నా ఎదుటనున్నవి. ఇరువురమును కలిసి వెనుక సీటు బెల్టులు వెదకితిమి. భుజము మీది పట్టీలు కనబడినవి గాని, వానిని తగిలించు గూళ్లు లేవు. కారు కొన్ననాడే అందము కొరకు వేయించిన సీటు తొడుగుల క్రింద అవి కప్పబడియుండెను. సీటు కవర్లు కుట్టువాని యొద్దకు పోయి, గూళ్లు పైకి వచ్చునట్లు కోయుమంటిమి. అతడు మావైపు వింతగా చూచి, "ఇన్నేండ్లల్ల ఇట్ల కొయ్యమని ఎవరూ అడగలే సార్. అందరూ కనబడకుండ కుట్టమంటరు" అనినాడు. కత్తెరతో కోసి గూడును బయటికి లాగగా, దాని మీద కంపెనీవారు చుట్టిన పలుచని ప్లాస్టిక్కు కాగితము ఇంకను అట్లే యున్నది. ఆరేండ్ల కారు.

బాలునికి పెద్దవారి బెల్టు మెడకు తగులును. వానికి వేరుగా పిల్లల సీటు కావలెను. పదునాలుగేండ్ల లోపు పిల్లలను బెల్టుతోనో అట్టి సీటుతోనో కూర్చుండబెట్టవలెనని చట్టములో గూడ నున్నది. జహీరాబాదులో దొరకలేదు. హైదరాబాదు నుండి తెప్పించితిమి. మొదటి రెండు ప్రయాణములలో వాడు ఒడిలోనే కూర్చుందునని ఏడ్చినాడు. మూడవసారి తానే ఎక్కి కూర్చుండి, నావైపు తిరిగి, "తాతా, నీది పెట్టుకున్నవా?" అని అడిగినాడు. అప్పటికి నేనింకను పెట్టుకొనలేదు.